ఒకటిన్నర మీటరు మన్ను

నేను రిటైర్ కావడానికి మూడేళ్ల ముందు, జనవరి మొదటి సోమవారం నాడు, కృష్ణా డెల్టాలో పాతకాలపు వానల సంగతి తేల్చే ప్రాజెక్టు నా చేతికి వచ్చింది. అప్పటికి నేను గన్నవరం దగ్గర ఒక పరిశోధనా సంస్థలో జియోకెమిస్ట్రీ విభాగానికి అధిపతిని. హోదా సీనియర్ సైంటిస్టు. నా పైన డైరెక్టర్ గారు, నా కింద ఇద్దరు టెక్నీషియన్లు, కిరణ్ అనే ప్రాజెక్టు ఫెలో. ఫెలో అంటే జీతానికి పనిచేస్తూ, ఆ పని మీదే పీహెచ్‌డీ రాసుకునే పరిశోధకుడు. కిరణ్‌కు అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లు. ఆ ప్రాజెక్టే అతని థీసిస్.

భవానీపురంలో మా పక్కింటాయన నేను ఆఫీసుకు బయల్దేరేటప్పుడు గేటు దగ్గర ఎదురైతే చాలు, "ఈ ఏడు వానలెట్టా ఉంటయ్యంటారు మేడంగారూ?" అని అడిగేవారు. "రాబోయే వానల గురించి నాకేం తెలియదండీ. మూడు వేల ఏళ్ల కిందట పడినవాటి గురించైతే అడగండి" అనేదాన్ని. ఆయన నా వంక జాలిగా చూసి గేటు వేసుకునేవారు. నా ఉద్యోగాన్ని నా ఎదురుగా అంత నిజాయితీగా అంచనా వేసినవాళ్లు తక్కువ.

పని వివరం చెబుతాను. చామాకు మీద నీటిబొట్టు జారిపోవడం అందరూ చూసే ఉంటారు. ఆకు మీద ఉండే పల్చటి మైనం పూత వల్ల అది జారుతుంది. ఆకు రాలి కుళ్లిపోయినా ఆ మైనం బురదలో వేల ఏళ్లు చెక్కుచెదరదు. మొక్క తాగిన వాననీటి గుర్తు ఆ మైనంలోని హైడ్రోజన్‌లో ఉండిపోతుంది. హైడ్రోజన్‌లో తేలికది, బరువైనది అని రెండు రకాలున్నాయి. వానలు జోరుగా కురిసిన కాలంలో నీటిలో బరువైన రకం పాలు తగ్గుతుంది, వానలు వెనకబడితే పెరుగుతుంది. కాబట్టి నేలలోకి గొట్టం దింపి, పొర చెదరకుండా మట్టి పైకి తీసి, పొర పొరకూ మైనం విడదీసి కొలిస్తే, ఏ కాలంలో వానలు ఎలా ఉన్నాయో తెలుస్తుంది. ఇలా తీసిన మట్టి స్తంభాన్ని కోర్ అంటాం.

చెప్పడానికి తేలికే. అసలు కష్టం కదలని నేల దొరకడం. డెల్టాలో ఏ గజం నేలను మనిషి వదిలిపెట్టాడు? వరి పొలాల్లో ఏటా దమ్ము చేస్తారు. మిగిలిన చోట చేపల చెరువులు, రొయ్యల చెరువులు. పొక్లెయిన్ దిగిన నేలలో పాత వాన గురించి వెతకడం దండగ. నెల రోజులు జీపులో తిరిగాక దివిసీమలో సముద్రానికి కాస్త ఇవతల ఒక ఊళ్లో పాత చర్చి ఆవరణ నా కంటబడింది. రెండెకరాల ఖాళీ స్థలం, చుట్టూ ప్రహరీ. దుక్కి లేదు, చెరువు లేదు. ఆవరణలో ఉన్నది ఒకే ఒక్క సమాధి, ఆ సంఘపు మొదటి పాస్టరు గారిది.

మాదీ క్రైస్తవ కుటుంబమే. నాన్న గుడివాడ దగ్గర ఒక ఊళ్లో మిషన్ బడి హెడ్మాస్టరు. చర్చి ఆవరణల్లో ఆడుకుంటూ పెరిగినదాన్ని కనుక, ఆ నేల జోలికి ఎవరూ వెళ్లరని నాకు నేనే తీర్మానించుకున్నాను. ప్రతి కోర్‌కూ ఒక ఫారం ఉంటుంది. అందులో "స్థల చరిత్ర" అని ఒక గడి. దాన్ని పూరించే ముందు స్థానికులను విచారించాలని పక్కనే అచ్చేసి ఉంటుంది. నేను ఎవరినీ విచారించకుండా, జీపు బానెట్ మీద పెట్టుకుని, "కదిలించని నేల" అని స్వహస్తాలతో రాసి సంతకం పెట్టాను. డెల్టా బిడ్డను, నాకు డెల్టా గురించి ఒకరు చెప్పేదేమిటన్న ధీమా.

ఆ రోజు నేను చూసి కూడా చూడనిది ఒకటుంది. పాస్టరు గారి సమాధి మీద రాతి శిలువ నేలలో సగానికి పైగా కూరుకుపోయి ఉంది. అడ్డకమ్మి గడ్డిని తాకుతోంది. కిరణ్ రాయలసీమ వాడు, గట్టి నేల మీద పెరిగినవాడు. ఇదేమిటి మేడం ఇలా ఉందని అడిగాడు. నల్లరేగడి బురద నేల, రాయి బరువుకు కుంగిపోయింది, మా వైపు ఇది మామూలేనని చెప్పాను. మా వైపు బరువైనవి కుంగడం నిజమే. ఆ నిజమే నన్ను పప్పులో కాలు వేయించింది. నా స్థానంలో ఆ ప్రాంతానికి కొత్తవాడుంటే ఇంకో ప్రశ్న వేసేవాడు. నా జవాబుతో కిరణ్ నోరు కూడా మూతపడింది.

డ్రిల్లింగ్ మూడు రోజులు నడిచింది. మీటరు పొడవు గొట్టాలు ఒకదాని తర్వాత ఒకటి దింపి, పదహారు మీటర్ల లోతు దాకా మట్టి తీశాం. ప్రతి గొట్టం మీదా లోతు, పైవైపు చూపే బాణం గుర్తు రాసి, రెండు కొసలా మూతలు బిగించాం. రెండో రోజున చర్చి ఊడ్చే సువార్తమ్మ గారు, అరవై దాటిన మనిషి, చీపురు పట్టుకుని యంత్రం దగ్గరకు వచ్చారు. "అమ్మగారూ, ఈ మన్ను గురించి ఒక మాట చెప్పాలండీ" అన్నారు. అప్పుడే గొట్టం ఒకటి ఇరుక్కుని, నాకు ఒళ్లు మండిపోతూ ఉంది. యంత్రం దగ్గర నిలబడకూడదండీ, తర్వాత మాట్లాడదాం అని పంపించేశాను. ఆ తర్వాత అనేది రావడానికి పదిహేను నెలలు పట్టింది.

ఆ పదిహేను నెలలూ కిరణ్ గాడిద చాకిరీ చేశాడనే చెప్పాలి. కోర్‌ను నిలువునా చీల్చి, గొట్టానికి ఆనుకున్న అంచు మట్టిని బొటనవేలి మందాన చెక్కి పారేస్తాం. గొట్టం దిగేటప్పుడు పై మట్టి జారి అంచుకు అంటుకుంటుంది కాబట్టి, నమ్మదగినది నడిమి మట్టే. దాన్ని ఐదేసి సెంటీమీటర్లకు ఒక నమూనాగా తీసి, తేమ పోగొట్టి, ద్రావకంలో మైనాన్ని కరిగించి, శుభ్రం చేసి, చివరకు యంత్రానికి ఇస్తాం. నాలుగైదు నమూనాలు కలిపి చేసినా ఒక్కో విడతకు నాలుగు రోజులు. మధ్యలో యంత్రం మొరాయిస్తే ఆ రోజులు అదనం.

ఫలితం చూసి విభాగమంతా సంబరపడింది. అడుగు నుంచి పైకి వస్తుండగా వానలు మెల్లగా హెచ్చుతూ తగ్గుతూ ఉన్నాయి. ఒకటిన్నర మీటరు లోతు దగ్గర మాత్రం గ్రాఫు గీత ఒక్కసారిగా దిగిపోయింది. అక్కడి నుంచి నేలమట్టం దాకా మైనంలో బరువైన హైడ్రోజన్ తక్కువ. అక్కడ ఒండ్రు పడడం వందల ఏళ్ల కిందటే ఆగిపోయిందనుకున్నాం. అంటే, కృష్ణ ఒడ్డున ఒకప్పుడు ఎడతెరపి లేని వానల కాలం నడిచిందన్నమాట. అంతకుముందు ఎవరూ చెప్పని సంగతి. కిరణ్ థీసిస్‌లో కీలకమైన అధ్యాయం అదే. మే నెలలో బెంజ్ సర్కిల్ దగ్గర ఒక హోటల్లో ప్రాజెక్టు సమీక్ష సమావేశం పెట్టారు. ఆ వానల కాలం గురించి కిరణ్ మాట్లాడాలని డైరెక్టర్ గారు స్వయంగా నిర్ణయించారు. జూన్ ఆఖరుకు థీసిస్ ఇవ్వకపోతే అతని ఫెలోషిప్ ముగుస్తుంది. కర్నూలులో ఒక కాలేజీవాళ్లు, డాక్టరేటు చేతికొస్తే లెక్చరర్ పోస్టు ఇస్తామన్నారు.

ఒక్కటే ముల్లు. వయసు తేల్చే కర్బన పరీక్షలో పై భాగంలోని చెక్క ముక్క, దానికింద దొరికిన చెక్క ముక్క కంటే పాతదని తేలింది. పైనున్నది కొత్తదై ఉండాలి. వరదలో ఎక్కడి నుంచో పాత చెక్క కొట్టుకొచ్చి ఉంటుందని కిరణ్ రాశాడు. నేనూ తల ఊపాను. మనకు కావలసిన జవాబు ముందే దొరికినప్పుడు, అడ్డొచ్చిన సాక్ష్యానికి సాకు దొరకడం ఎంతసేపు?

సమావేశం ఇంకో పది రోజులుందనగా, కిరణ్ ఆ అధ్యాయాన్ని నా సంతకం కోసం తెచ్చాడు. వెనక అనుబంధంలో, జల్లెడ పట్టినప్పుడు దొరికినవాటి పట్టిక ఉంది. గడ్డి వేళ్లు, నత్త గుల్లలు, ఆ వరుసలో ఒకచోట "గాజు పెంకు, ఆకుపచ్చ, లోతు 1.2 మీటర్లు" అని ఉంది. ఏ గాజు అని అడిగాను. చిన్న సీసాలో వేసి తెచ్చాడు. చేతి గాజు ముక్క. వంపు స్పష్టంగా కనబడుతోంది. పైనుంచి జారి పడుంటుంది మేడం అన్నాడు.

"అంచు చెక్కేశాకే కదా జల్లెడ పట్టావు? నడిమధ్యకు ఎలా జారింది?"

కిరణ్ పట్టికలో లోతు మళ్లీ చూసుకున్నాడు. సంతకం పెట్టకుండా కలం మూసి, రేపు పొద్దున్నే జీపు కావాలని ఆఫీసుకు రాసిచ్చాను.

మర్నాడు ఇద్దరం కరకట్ట మీదుగా అవనిగడ్డ దాటి ఆ ఊరు చేరాం. చర్చి గేటు తీసింది సువార్తమ్మ గారే. వందనాలు చెప్పి, మీరు ఆ రోజు చెప్పబోయిన మాట వినడానికి వచ్చానని అన్నాను. ఆమె ఏమాత్రం ఎత్తిపొడవలేదు. కొంగుతో అరుగు దులిపి మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు.

"ఇదంతా మేం పోసిన మన్నేనండీ. డెబ్బై ఏడు ఉప్పెనొచ్చినప్పుడు, అప్పట్లో మనిషెత్తున ఉండే ఈ చర్చి అరుగు మీద నిలబడ్డోళ్లమే బతికాం. అరుగు దాకా రాలేనోళ్లు పోయారు. మా చెల్లి ఆ గేటు దగ్గరే పోయింది. మళ్లీ అట్టాంటిదొస్తే ఆవరణంతా ఎత్తులో ఉండాలని, ఆ ఎండాకాలం ఇంటికింతని వంతులేసుకుని తట్టలతో మోశాం. కాలవ పూడిక తీసి గట్టున పోసిన ఒండ్రు ఉండేది, అదంతా ఇక్కడికే తెచ్చాం. మూడు నెలలు మోశామమ్మా."

సీసా తీసి గాజు ముక్క చూపించాను. ఆమె వెలుగుకు ఎత్తి చూసి, "మన్ను మోసే చేతికి గాజులు నిలుస్తాయా? రోజుకి రెండు పగిలేయి" అని తిరిగి ఇచ్చేశారు.

సమాధి మీద శిలువ కుంగలేదా అని అడిగాను. తెలిసిన జవాబే అయినా, ఆమె నోటితో వినాలనిపించింది.

"కుంగడమేంటమ్మా? మేమే పూడ్చాం. నా చిన్నప్పుడు ఆ అడ్డకమ్మికి దండ వెయ్యాలంటే ఎవరన్నా ఎత్తుకోవాల్సిందే."

చిన్నప్పటి నుంచీ మెరక చేసిన ఇళ్ల స్థలాలు చూస్తూనే ఉన్నాను. మా ఇల్లు కట్టేటప్పుడు నాన్న మూడు నెలలు మన్ను తోలించారు. డెల్టాలో మనిషి నిలబడే ప్రతి చోటూ ఎవరో ఒకరు ఎత్తు చేసినదే. పొలం కదిలిస్తారని తెలిసిన నేను, చర్చి నేలనూ కదిలిస్తారని ఎందుకు అనుకోలేదు? ఆ క్షణం సిగ్గుతో తల ఎత్తుకోలేకపోయాను.

అయినా చెప్పిన మాట ఒక్కటే సరిపోదు, కొలత కావాలి. ఇప్పటి పాస్టరు గారి అనుమతి తీసుకుని, సమాధి పక్కన చేతి బర్మాతో తవ్వించాం. ముందు సమాధి గట్టు, నేల నుంచి ఒక మీటరు యాభై రెండు సెంటీమీటర్ల కింద దాని అడుగున పాత నేల తగిలాయి. మా కోర్‌లో గీత దిగిపోయిన చోటు ఒకటిన్నర. ఇక సందేహానికి తావు లేదు. మేము కనిపెట్టిన మహా వానల కాలం కాలువ ఒండ్రు. ఎగువ నుంచి నది మోసుకొచ్చిన ఆకుల మైనం ఒక రకం, ఆ ఊరి బురదలో పెరిగిన మొక్కల మైనం ఇంకో రకం. మారింది వాన కాదు, మన్ను. పాత చెక్క పైకి ఎలా వచ్చిందో కూడా అప్పుడే తెలిసింది. కాలువ అడుగున ఉన్నదాన్ని తట్టలో పైకి తెచ్చారు.

బయల్దేరేటప్పుడు సువార్తమ్మ గారు జీపు దాకా వచ్చారు. "మేం పోసిన మన్ను మీ పని చెడగొట్టిందా అమ్మా?" అని అడిగారు. లేదండీ, చెడగొట్టింది అడగని మనిషి అని చెప్పాను. ఆమెకు ఎంత అర్థమైందో నాకు తెలియదు. ఆ మాట అన్నాక నా గుండె బరువు మాత్రం కొంత తగ్గింది.

దారిలో కిరణ్ ఒకే మాట అన్నాడు. "మేడం, ఆ అధ్యాయం పోతే నాకేం మిగలదండీ." దాచిపెడదామని అతను అనలేదు. ఆ సంగతి ఇక్కడ చెప్పడం నా బాధ్యత. నీ థీసిస్ నిలబెట్టే పూచీ నాది, కానీ ఆ ఒకటిన్నర మీటరు మాత్రం తీసేయాలి అన్నాను. ముఖం చిన్నబుచ్చుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు డైరెక్టర్ గారి ముందు కాగితం పెట్టాను. ఫలితాన్ని ఉపసంహరించుకుంటున్నామని, స్థల చరిత్ర విచారించకుండా పూరించింది నేనని, తప్పు పర్యవేక్షకురాలిదే కనుక ఫెలోకు ఆరు నెలల గడువు ఇవ్వాలని అందులో ఉంది. ఆయన చదివి, సమీక్ష అయ్యేదాకా ఆగలేరా అని అడిగారు. ఆగలేనని చెప్పాను. ఇంకోసారి ఆలోచించుకోండి, రిటైరయ్యాక మిమ్మల్ని సలహాదారుగా ఉంచాలని ఫైలు నడుస్తోంది అన్నారు. ఆలోచించుకునే వచ్చానని చెప్పి లేచాను. సమావేశంలో కిరణ్ బదులు నేనే లేచి, తెర మీద ఆ గీత చూపించి, దాని కథ చెప్పాను. హాల్లో ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వనిచ్చాను. నెల తిరక్కుండా నాకు మెమో వచ్చింది. సలహాదారు ఫైలు మళ్లీ కదలలేదు. కిరణ్‌కు ఆరు నెలలు మాత్రం దొరికాయి.

ఆ ఆరు నెలల్లో ఇద్దరం కోర్‌ను మొదటి నుంచి చూశాం. పూడిక మన్ను పక్కన పెట్టాక, సరిగ్గా దాని కింద, పాత నేల మీద వేలెడు మందాన బూడిదరంగు ఇసుక పొర ఉంది. మొదటిసారి కిరణ్ దాన్ని "ఇసుక, వరద కావచ్చు" అని ఒక్క ముక్కలో రాసి వదిలేశాడు. ఈసారి సూక్ష్మదర్శిని కింద పెట్టాం. నిండా సముద్రపు జీవుల గుల్లలే, ఏటిలో బతికేది ఒక్కటీ లేదు. అది ఉప్పెన తెచ్చి పోసిన ఇసుక. చుట్టుపక్కల పొలాల్లో కూడా ఒకప్పుడు ఆ పొర ఉండే ఉంటుంది, కానీ దమ్ము చక్రాల కింద ఎప్పుడో కలిసిపోయింది. ఇక్కడ మరుసటి ఎండాకాలమే తట్టలతో కప్పేశారు కనుక, పడింది పడినట్టు నిలిచింది.

మా వృత్తిలో దానికి విలువ కట్టలేం. కర్బన పరీక్ష చెప్పే వయసు పదుల ఏళ్లు అటూ ఇటూగా ఉంటుంది. ఈ ఇసుక పొర ఏ ఏడాదిదో, ఏ నెలదో ఊళ్లో ప్రతివాళ్లకూ తెలుసు. అలాంటి మేకు ఒకటి పైన దిగితే, దాని కిందున్న పద్నాలుగున్నర మీటర్ల కాలాన్ని గట్టిగా కట్టుకోవచ్చు. మహా వానల కాలం పోయింది. ఆరేడు మీటర్ల లోతులో, చాలాకాలం వానలు వెనకబడిన ఒక దశ మాత్రం స్పష్టంగా తేలింది. మొదటి ఉత్సాహంలో దాని వైపు మేమెవరం సరిగా చూడలేదు. కిరణ్ దాని మీదే థీసిస్ రాశాడు. పరీక్షకులు వేసిన ప్రశ్నలన్నీ కోర్ వయసు గురించే. అతను తడుముకోకుండా చెప్పాడు. ఇప్పుడు కర్నూలులో పాఠాలు చెబుతున్నాడు.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఒక్కటే. నేల గురించి యంత్రాన్ని అడిగే ముందు, దాని మీద నిలబడ్డ మనిషిని అడగాలి. పుట్టిన ప్రాంతమైతే ఇంకా ముందు అడగాలి, ఎందుకంటే అక్కడ మనకు అన్నీ తెలుసనిపిస్తుంది. రిటైరయ్యే లోపు ఆ ఫారంలో ఒక మార్పు చేయించాను. స్థల చరిత్ర గడి కింద ఇప్పుడు ఇంకో గడి ఉంది. ఎవరిని అడిగారో వారి పేరు అందులో రాయకపోతే ఆ కోర్‌ను ప్రయోగశాలలోకి తీసుకోరు.

దివిసీమ కోర్ ఫారం మీద పాత రాతను నేనే కొట్టేసి, పక్కన సంతకం పెట్టాను. ఇప్పుడు అక్కడ ఇలా ఉంది: "పూడిక మన్ను, ఒకటిన్నర మీటరు. ఉప్పెన తర్వాతి ఎండాకాలంలో ఊరివాళ్లు తట్టలతో మోసి పోసినది. చెప్పినవారు: సువార్తమ్మ గారు, మోసినవారిలో ఒకరు."